టెన్నిస్ చేతికి పికిల్‌బాల్ ప్యాడిల్

టెన్నిస్ ఆడి వచ్చినవాళ్ళు పికిల్‌బాల్ ప్యాడిల్ కొనేటప్పుడు తెలియకుండానే రాకెట్‌ని వెతుకుతారు. పొడుగ్గా ఉండాలి, చేతికి బరువు తెలియాలి, కొడితే బంతి దూసుకుపోవాలి. ఏడో తరగతి నుంచి పది దాకా టెన్నిస్ ఆడాను కాబట్టి ఆ కోరిక నాకు బాగా తెలుసు. ఇంటర్ రెండేళ్ళూ రాకెట్ అటక మీదే ఉంది. మన బ్యాడ్మింటన్ కోర్టు మీద పికిల్‌బాల్ గీతలు పడ్డాక మళ్ళీ ఆట మొదలైంది. (రెండు కోర్టుల కొలతా ఒకటే, 20 అడుగులు 44 అడుగులు. 1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో ఈ ఆట పుట్టిందే పాత బ్యాడ్మింటన్ కోర్టు మీద.) హాస్టల్ ఖర్చులు పోగా మిగిలిన డబ్బుతో కొనగలిగేది ఒక్క ప్యాడిల్. అందుకే కొనేముందు కాస్త చదివాను, సీనియర్లవి అడిగి ఆడి చూశాను.

ముందు ఆట ఎక్కడ తేలుతుందో చూడాలి. పేరులో పచ్చడి ఉంది గానీ ఆటలో లేదు, వంటగది మాత్రం ఉంది. నెట్‌కి రెండు వైపులా 7 అడుగుల జాగాని కిచెన్ అంటారు. అందులో నిలబడి బంతిని నేల తాకకముందే కొట్టకూడదు. డబుల్స్‌లో సర్వ్, రిటర్న్ అయ్యాక వీలైనంత త్వరగా నలుగురూ ఆ గీత దగ్గరికే చేరతారు. అంటే ఎదుటివాళ్ళకీ మనకీ మధ్య 14 అడుగులే. బంతి గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వస్తే ఆ దూరానికి సెకనులో మూడో వంతు కూడా పట్టదు. టెన్నిస్‌లో ఒక బేస్‌లైన్ నుంచి ఇంకో బేస్‌లైన్‌కి 78 అడుగులు, చెయ్యి వెనక్కి తీసి ఊపే టైం ఉంటుంది. ఇక్కడ ఆ ఊపుకి చోటే లేదు. ప్యాడిల్‌ని ఎంత గట్టిగా ఊపగలం అన్నదానికన్నా, ఎంత త్వరగా తిప్పగలం అన్నదే ముఖ్యం.

బరువు విషయానికొస్తే, టెన్నిస్ రాకెట్ సుమారు 300 గ్రాములు. ప్యాడిల్స్ ఎక్కువగా 200 నుంచి 240 గ్రాముల మధ్య ఉంటాయి. మొదటిసారి పట్టుకుంటే బొమ్మలా అనిపిస్తుంది. కానీ బంతి కూడా 22 నుంచి 26 గ్రాములే, టెన్నిస్ బంతిలో సగం కూడా లేదు. పైగా డబ్బా మీద రాసిన గ్రాములు సగం కథే చెబుతాయి. ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్‌లో మొమెంట్ ఆఫ్ ఇనర్షియా గుర్తుందా? పరీక్ష అయ్యాక అది పనికొచ్చింది నాకు ఇక్కడే. దూరాన్ని వర్గం చెయ్యాలి కదా. చేతికి 10 సెంటీమీటర్ల దూరంలో 5 గ్రాములు పెట్టడం వేరు, 30 సెంటీమీటర్ల దూరంలో కొస దగ్గర పెట్టడం వేరు. తిప్పేటప్పుడు రెండోది 9 రెట్లు ఎక్కువ ఎదురు నిలుస్తుంది. స్వింగ్ వెయిట్ అనేది ఇదే. అందుకే ఒకే బరువున్న రెండు ప్యాడిల్స్‌లో ఒకటి చురుగ్గా, ఇంకోటి మొండిగా అనిపిస్తాయి.

ఆకారానికి కూడా లెక్క ఉంది. రూల్ ప్రకారం పొడవు, వెడల్పు కలిపి 24 అంగుళాలు దాటకూడదు, పొడవు ఒక్కటీ 17 దాటకూడదు. అంటే పొడవు పెంచితే వెడల్పు తగ్గాల్సిందే. మామూలు ప్యాడిల్ 16, 8 అంగుళాలు. పొడుగుది 16.5, 7.5. ఆ అర అంగుళం అందుబాటు కోసం బంతి మధ్యలో తగలనప్పుడు చేతిలో ఎక్కువ మెలితిరిగే ప్యాడిల్‌ని ఒప్పుకుంటున్నాం అన్నమాట. సింగిల్స్ ఎక్కువ ఆడేవాళ్ళకి ఇది మంచి బేరమే, పరిగెత్తి అందుకోవాలి కాబట్టి. డబుల్స్‌కి కాదని నా అభిప్రాయం.

లోపల ఉండేది పాలీప్రొపిలీన్ తేనెపట్టు. 16 మిల్లీమీటర్ల మందం ఉంటే బంతి మెత్తగా వెళ్తుంది, 13 దగ్గరైతే ఎగిరిపోతుంది. టెన్నిస్ చేతుల్లో బలం ఎలాగూ ఉంటుంది, లేనిది మెత్తదనం. కాబట్టి 16. పైపొరకి గరుకు కార్బన్ ఫైబర్ అయితే టాప్‌స్పిన్ అలవాటు కొంత బతుకుతుంది, కానీ ఆ గరుకు వాడేకొద్దీ అరుగుతుంది. తీగల్లాగా మళ్ళీ కట్టించుకోలేం.

నేను టెన్నిస్ నుంచి వదులుకోనిది ఒక్కటే, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్. నాలుగేళ్ళలో నాకు నిజంగా వచ్చిన షాట్ అది. దానికి పిడి 5.5 అంగుళాలైనా ఉండాలి. అప్పుడు కూడా పై చేతి చూపుడువేలు ప్యాడిల్ ముఖం మీదికి వస్తుంది, రెండు రోజుల్లో అలవాటైపోతుంది. పిడి చుట్టుకొలత మాత్రం అనుమానంగా ఉంటే చిన్నదే తీసుకోండి. ఓవర్‌గ్రిప్ చుట్టి లావు చెయ్యొచ్చు, లావుదాన్ని సన్నం చెయ్యడం కష్టం.

చివరికి మధ్యరకం ఆకారం, 16 మిల్లీమీటర్లు, 225 గ్రాములు, పొడుగు పిడి ఉన్నది తీసుకున్నా. మీరు ఎవరిదైనా అడిగి ఆడి చూసేటప్పుడు బేస్‌లైన్ నుంచి కొట్టి నిర్ణయించుకోకండి, అక్కడ ప్రతి టెన్నిస్ చేతికీ పొడుగు ప్యాడిలే నచ్చుతుంది. కిచెన్ గీత దగ్గర నిలబడి, ఒక ఫ్రెండ్‌ని ఎదురుగా పెట్టుకుని, ఓ పది నిమిషాలు వాలీలు ఆడండి.