ముక్కు కదపకు, రెక్క వంచు



ఆర్బిటర్ సిమ్యులేటర్‌లో అట్లాంటిస్ షటిల్‌ని ఆటోపైలట్ లేకుండా, చేత్తోనే నేలకు దించాలని పట్టుబట్టావట. ప్రతిసారీ రన్‌వేకి వందల కిలోమీటర్లు అవతలో ఇవతలో తేలుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పట్టుదల మంచిదే, వదలకు. మార్టిన్ ష్వైగర్ అనే శాస్త్రవేత్త 2000లో ఉచితంగా విడుదల చేసిన ఆ సిమ్యులేటర్ భౌతికశాస్త్రాన్ని గట్టిగా పట్టుకుని నడుస్తుంది. కాబట్టి ఈ పని నిజంగా చేసినవాళ్ల అనుభవం నీకు సూటిగా పనికొస్తుంది.

ముందు శక్తి లెక్క చూడు. భూమికి దగ్గరి కక్ష్యలో నౌక వేగం సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్లు. అంటే నౌక బరువులో ప్రతి కిలోకూ సుమారు 3 కోట్ల జౌళ్ల శక్తి ఉంటుంది. కిలో టీఎన్‌టీ పేలితే వచ్చేదానికి అది ఏడు రెట్లు. ఆ శక్తినంతా గాలిలో వదిలించుకుంటే తప్ప రన్‌వే మీద వాలలేవు. షటిల్ సుమారు 122 కిలోమీటర్ల ఎత్తున వాతావరణంలోకి వచ్చి, ఎనిమిది వేల కిలోమీటర్ల దారి పొడవునా అరగంటసేపు అదే పని చేసేది. అప్పుడు నడిపే ఇంజిన్ ఉండదు. రన్‌వే తప్పితే మరో చుట్టు తిరిగి వచ్చే వీలూ ఉండదు.

కొత్తవాళ్లు పొరబడేది ముక్కు దగ్గరే. కిందికి జారిపోతున్నామనిపిస్తే ముక్కు ఎత్తుతారు, తేలిపోతున్నామనిపిస్తే దించుతారు. మామూలు విమానం నేర్పిన అలవాటు అది. షటిల్ మాత్రం తీవ్రమైన వేడి ఉన్నంతసేపూ ఎదురుగాలికీ ముక్కుకూ మధ్య కోణాన్ని, అంటే యాంగిల్ ఆఫ్ అటాక్‌ని 40 డిగ్రీల దగ్గరే నిలిపి ఉంచేది. అప్పుడే వేడి ఎక్కువగా పొట్ట కింది పలకల మీద పడుతుంది. ముక్కు కొన, రెక్కల ముందు అంచులు దాదాపు 1,650 డిగ్రీల సెల్సియస్ దాకా కాగేవి. ఎడమ రెక్క అంచుకు పడ్డ చిల్లు వల్లనే 2003 ఫిబ్రవరి 1న కొలంబియా షటిల్ ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురినీ పోగొట్టుకున్నాం.

మరి నౌకని నడిపేది దేంతో? బ్యాంక్‌తో. నౌకని పక్కకు వంచితే లిఫ్ట్ కూడా పక్కకు మళ్లుతుంది, పైకి మోసే బలం తగ్గుతుంది. నౌక చిక్కటి గాలిలోకి దిగి త్వరగా వేగం కోల్పోతుంది. వంపు తగ్గిస్తే ఇంకా దూరం పోతుంది. వంచిన వైపుకే దారి కూడా తిరుగుతుంది గనక, కాసేపయ్యాక రెండో వైపుకు వంచాలి. షటిల్ ఎస్ మలుపులు తిరుగుతూ వచ్చేది అందుకే.

కొలంబియా రెండో ప్రయాణంలో, 1981 నవంబర్ 14న, కమాండర్ జో ఎంగిల్ ఈ దారిలో చాలా భాగం చేత్తోనే నడిపాడు. అంతకుముందు ఎక్స్-15 రాకెట్ విమానం నడిపిన మనిషి. మాక్ 24 దగ్గర, అంటే ధ్వని వేగానికి 24 రెట్ల దగ్గర మొదలుపెట్టి 29 పరీక్షా విన్యాసాలు చేస్తూ, నౌక ఎంతవరకు నిలకడగా ఉంటుందో ఇంజినీర్లకు చూపించాడు. ఒక్కోటీ లెక్క ప్రకారం, కొద్దిపాటి కదలికతో చేశాడు.

ఆ కొద్దిపాటి కదలికే నువ్వు నేర్చుకోవాలి. పైన గాలి పల్చన, వేగం ఎక్కువ. ఇప్పుడు మార్చిన బ్యాంక్ ఫలితం కాసేపు ఆగితేగాని కనిపించదు. ఈలోగా కంగారుపడి ఇంకా వంచితే నౌక ఒకసారి మునుగుతూ, ఒకసారి లేస్తూ ఊగుతుంది. ఎత్తు అంకెని కాదు, సర్ఫేస్ ఎమ్‌ఎఫ్‌డీ తెర మీద వర్టికల్ స్పీడ్ ఎటు మారుతోందో చూడు. తిరుమల ఘాట్ దిగే డ్రైవరు మలుపు రాకముందే గేరు మార్చినట్టు, నువ్వూ ముందుగానే సర్దుకోవాలి.

అసలు గురి అంతకన్నా ముందే, కక్ష్య నుంచి దిగడానికి బ్రేకు రాకెట్లు మండించేటప్పుడే కుదరాలి. 1962 మే 24న వ్యోమగామి స్కాట్ కార్పెంటర్ నౌక అరోరా 7 దిగాల్సిన చోటు దాటి 400 కిలోమీటర్ల అవతల సముద్రంలో పడింది. రాకెట్లు మండే వేళ నౌక పక్కకు 25 డిగ్రీలు తిరిగి ఉండటం వల్ల 280 కిలోమీటర్లు, మూడు సెకన్ల ఆలస్యం వల్ల 24 కిలోమీటర్లు, రాకెట్ల బలం తగ్గినందువల్ల మిగతాది. వాచీ చూసుకోవడం ఎంత ముఖ్యమో, దిశ చూసుకోవడం అంతకన్నా ముఖ్యమని ఈ లెక్కలోనే ఉంది.

మరుసటి ఏడాది మే 16న గోర్డన్ కూపర్‌కి ఫెయిత్ 7 నౌకలో ఆటోమేటిక్ నియంత్రణే పోయింది. కిటికీలోంచి దిక్కు సరిచూసుకుని, చేతి గడియారం పట్టుకుని, కింద ఓడలోంచి తోటి వ్యోమగామి జాన్ గ్లెన్ రేడియోలో లెక్కపెడుతుండగా రాకెట్లు మండించాడు. అతన్ని ఎక్కించుకోవాల్సిన ఓడ కియర్‌సార్జ్‌కి ఆరేడు కిలోమీటర్ల దూరంలోనే దిగాడు.

ఇక సాధన సంగతి. రాకెట్లు మండించే ముందు సినారియో సేవ్ చేసుకో. ప్రతిసారీ అక్కడి నుంచే మొదలుపెట్టి ఒక్క సంగతే మార్చు. ఒకసారి మండించే సమయం, ఇంకోసారి బ్యాంక్. వాతావరణంలోకి వచ్చాక కాలాన్ని వేగంగా పరిగెత్తించకు, అరగంటా ఓపిక పట్టు. పక్కన నోటుబుక్కు పెట్టుకుని, ఏ మాక్ దగ్గర ఎంత వంచావో, ఎక్కడ తేలావో రాసుకో. దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు తీసుకురా. ఇద్దరం కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
మీ మామయ్య