క్రీస్తు ఇచ్చే స్వేచ్ఛ, ప్రేమించే స్వేచ్ఛ



స్వేచ్ఛ అనగానే మనకు మొదట తోచేది మనమీద ఎవరి పెత్తనమూ లేకపోవడం. ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు, మనకు ఇష్టమైంది మనం చేయవచ్చు అనుకొంటాం. కాని ఈ రకపు స్వేచ్ఛ చేతినిండా ఉండికూడ లోపల బానిసలుగా బ్రతికేవాళ్లు చాలమంది ఉన్నారు. డబ్బుంది, చదువుంది, అడిగేవాడు లేడు. ఐనా పగ నిద్ర పట్టనీయదు. అసూయ తిన్నది వంటబట్టనీయదు. మరి క్రైస్తవ విశ్వాసం ఇచ్చే స్వేచ్ఛ ఎలాంటిది? అది తోడివారిని ప్రేమించడం ఎలా నేర్పుతుంది? ఈ వారం ఈ విషయాన్ని బైబులు వెలుగులోను, ఒక పునీతురాలి జీవితం వెలుగులోను పరిశీలించి చూద్దాం.

1. బైబులు బోధించే స్వేచ్ఛ

పూర్వ నిబంధనంలో విడుదల అనగానే గుర్తుకు వచ్చేది ఐగుప్తునుండి యిస్రాయేలీయులు బయలుదేరడం. ప్రభువు వారిని ఫరో చేతిలోనుండి తప్పించాడు, సముద్రం దాటించాడు. కాని ఎడారిలో కొన్నాళ్లు నడిచాక వాళ్లు ఐగుప్తులో తిన్న చేపలను, దోసకాయలను, ఉల్లిపాయలను తలచుకొని ఏడ్చారు (సంఖ్యా 11,5). కాళ్లు ఐగుప్తును దాటివచ్చాయి గాని మనసు దాటి రాలేదు. బానిసత్వంనుండి బయటపడడం ఒక్క రాత్రి పని. బానిస మనసును పోగొట్టుకోవడానికి మాత్రం నలభైయేండ్లు పట్టింది.

ప్రభువు ఈ సంగతినే యూదులకు బోధించాడు. సత్యం మిమ్మును విడిపిస్తుంది అన్నపుడు వాళ్లు నొచ్చుకొన్నారు. మేము ఎన్నడూ ఎవరికీ బానిసలం కాలేదే అని వాదించారు. ఆయన, పాపం చేసే ప్రతివాడూ పాపానికి బానిసే అనీ, కుమారుడు విడిపించినపుడే నిజమైన విడుదల లభిస్తుందనీ జవాబు చెప్పాడు (యోహాను 8,31-36). తాను బానిస అని తెలియనివాడికి విడుదల మరీ కష్టం.

పౌలు గలతీయులకు వ్రాసిన లేఖలో మరో అడుగు ముందుకు వేశాడు. దేవుడు మనలను స్వేచ్ఛకు పిలిచాడు. ఐతే ఆ స్వేచ్ఛ శరీర వాంఛలకు సాకు కాకూడదు. ప్రేమతో ఒకరికొకరు పరిచర్య చేసికోవడానికే అది ఉపయోగపడాలి (గలతీ 5,13). ఇక్కడ ఒక విశేషం ఉంది. స్వేచ్ఛ పొందినవాడు చేయవలసింది సేవ అట! పైకి చూస్తే ఇది వింతగా ఉంటుంది. విడుదల పొందినవాడు మళ్లీ సేవకుడు కావడం దేనికి? దీన్ని అర్థం చేసికోవాలంటే, నిజంగానే బానిసగా అమ్ముడుపోయిన ఒక స్త్రీ జీవితాన్ని చూడాలి.

2. బఖీత కథ

పునీత జోసెఫీన్ బఖీత ఆఫ్రికా ఖండంలోని సూడాను దేశంలో, డార్ఫూరు ప్రాంతంలో సుమారు 1869లో పుట్టింది. చిన్నపిల్లగా ఉండగానే మనుషులను అమ్ముకొనేవాళ్లు ఆమెను ఎత్తుకొనిపోయారు. ఆ భయంతో బిడ్డ తన సొంత పేరుకూడ మరచిపోయింది. బఖీత అనేది ఆమెను పట్టుకొన్నవాళ్లు పెట్టిన పేరు. అరబ్బీ భాషలో దానికి అదృష్టవంతురాలు అని అర్థం. ఇంతకంటె క్రూరమైన ఎగతాళి ఉంటుందా?

ఆమెను సంతలో పలుమార్లు అమ్మారు, కొన్నారు. ఒక తుర్కీ సైన్యాధికారి ఇంట్లో ప్రతిరోజూ కొరడా దెబ్బలు తినేది. అక్కడే ఆమె ఒంటిమీద కత్తితో పచ్చబొట్టు గీతలు కోసి, ఆ గాయాల్లో ఉప్పు రుద్దారు. ఆ మచ్చలు జీవితాంతం చెరగలేదు.

1883లో ఖార్తూములో ఇటలీ దేశపు దౌత్యాధికారి ఒకరు ఆమెను కొన్నారు. ఆ ఇంట్లో కొరడా లేదు. 1885లో ఆమె ఆయనతోపాటు ఇటలీకి చేరింది. అక్కడ మికియేలి అనే కుటుంబంవారి చిన్నపిల్లకు ఆయాగా కుదిరింది. కొంతకాలానికి ఆ కుటుంబంవాళ్లు బిడ్డనూ బఖీతనూ వెనిసు నగరంలోని కనోస్సా మఠకన్యల వద్ద విడిచి వెళ్లారు. అక్కడే బఖీత మొదటిసారిగా సత్యోపదేశం వింది. చిన్నప్పుడు సూర్యచంద్రులనూ నక్షత్రాలనూ చూచి, వీటి యజమాని ఎవరా అని అనుకొనేదట. ఆ యజమాని ఎవరో ఇపుడు తెలిసింది. అంతవరకు ఆమె ఎరిగిన యజమానులందరూ కొరడా పట్టుకొన్నవాళ్లే. ఈ యజమాని తానే కొరడా దెబ్బలు తిన్నవాడు. ఆయన తనను ఎరుగుననీ, తనను ప్రేమించాడనీ గ్రహించింది. 16వ బెనెడిక్ట్ జగద్గురువులు 2007లో వెలువరించిన స్పే సాల్వి అనే విశ్వలేఖలో, నిరీక్షణ అంటే ఏమిటో వివరించడానికి ఈమె కథనే ఎన్నుకొన్నారు.

తరువాత యజమానురాలు వచ్చి బఖీతను మళ్లీ ఆఫ్రికాకు తీసికొనిపోతానంది. బఖీత రానంది. ఆమె పెంచిన పసిపిల్లమీద ఆమెకు ఎంతో ప్రేమ. ఆ యింటిమీద కృతజ్ఞత కూడ ఉంది. ఐనా రానంది. సంగతి అధికారులదాకా పోయింది. ఇటలీ చట్టం బానిసత్వాన్ని అంగీకరించదు కనుక ఆమె స్వతంత్రురాలే అని 1889 నవంబరు 29న తీర్పు వచ్చింది. 1890 జనవరి 9న ఆమె జ్ఞానస్నానం పొందింది. అదే రోజున భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం కూడ స్వీకరించింది. 1893లో కనోస్సా మఠంలో చేరింది. 1896లో మాటపట్టు ఇచ్చింది. 1902నుండి స్కీయో అనే పట్టణంలోని మఠంలో వంటచేస్తూ, కుట్టుపని చేస్తూ, గుడిసామాను చూచుకొంటూ, తలుపువద్ద వచ్చినవారిని పలకరిస్తూ జీవించింది. 1947 ఫిబ్రవరి 8న కన్నుమూసింది. రెండవ జాన్ పౌలు జగద్గురువులు ఆమెను 1992లో ధన్యురాలినిగాను, 2000 అక్టోబరు 1న పునీతురాలినిగాను ప్రకటించారు.

3. ఆమె నేర్పే పాఠాలు

మొదటిది, ప్రేమను చవిచూచినవాళ్లే ప్రేమించగలరు. బఖీతకు మొదట ఎవరూ క్షమించు అని బోధించలేదు. దేవుడు నిన్ను ప్రేమించాడు అని బోధించారు. క్షమ తరువాత దానంతటదే వచ్చింది. దేవుడే మొదట మనలను ప్రేమించాడు కనుక మనం ప్రేమిస్తున్నాం అనేది యోహాను బోధ (1 యోహాను 4,19). మనం పిల్లలకు నేర్పేటపుడు ఈ వరుసను తారుమారు చేస్తాం. ముందు ఆజ్ఞలు, తరువాత శిక్షలు, చివర ఎక్కడో దేవుని ప్రేమ. ఖాళీ కుండలోనుండి నీళ్లు వంచలేం.

రెండవది, క్షమించడమంటే అన్యాయానికి లొంగిపోవడం కాదు. బఖీత ముందు రాను అంది, తరువాత క్షమించింది. ఈ వరుసను గుర్తుంచుకోవాలి. మనుషులను బానిసలుగా చేయడం, అమ్మడం ఏడవ ఆజ్ఞ నిషేధించే పాపమని కతోలిక సత్యోపదేశం స్పష్టంగా చెప్తుంది. రెండవ వాటికన్ మహాసభకూడ బానిసత్వాన్ని మానవ గౌరవాన్ని మంటగలిపే అపరాధాల్లో ఒకటిగా లెక్కించింది. కనుక ఇంట్లో దెబ్బలు తినే స్త్రీతోగాని, అప్పుకింద వెట్టిచాకిరి చేసే కూలివాడితోగాని, అంతా సిలువ అనుకొని భరించు అని చెప్పి ఊరకుండడం సువార్త కాదు. మన దేశంలో 1976లోనే వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. అలాంటివారికి ఆ చట్టం సహాయం అందేలా చూడడం కూడ ప్రేమే. బఖీత పండుగ దినమైన ఫిబ్రవరి 8ని తిరుసభ 2015నుండి మనుషుల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా ప్రార్థనా దినంగా పాటిస్తూంది.

మూడవది, సేవ అందరికీ ఒకటే ఐనా, మనసు వేరు. బఖీత బానిసగా ఉన్నపుడూ వంటపని, ఇంటిపని చేసింది. మఠంలోనూ అవే పనులు చేసింది. చేతులు అవే, పనులు అవే. కాని మొదటి పని కొరడాకు జడిసి చేసింది. రెండవది ప్రేమతో చేసింది. కడరాత్రి భోజన సమయంలో ప్రభువు శిష్యుల కాళ్లు కడిగాడు. తండ్రి సమస్తాన్నీ తన చేతికి అప్పగించాడనీ, తాను తండ్రి వద్దనుండే వచ్చాననీ ఎరిగి ఆ పని చేశాడని యోహాను వ్రాస్తాడు (13,3-5). తానెవరో తెలిసినవాడికి వంగడానికి సిగ్గుండదు. పౌలు చెప్పిన పరిచర్య ఇదే.

నాల్గవది, క్షమించినా గాయం గుర్తుంటుంది. ఒకసారి ఒక విద్యార్థి బఖీతను, నిన్ను ఎత్తుకొనిపోయినవాళ్లు ఎదురైతే ఏం చేస్తావు అని అడిగాడు. మోకరించి వాళ్ల చేతులు ముద్దుపెట్టుకొంటాను, ఆ సంఘటన జరగకపోతే నేను క్రైస్తవురాలినీ మఠకన్యనూ అయ్యేదాన్ని కాదుగదా అనే భావంతో ఆమె జవాబు చెప్పింది. వాళ్లు చేసింది మంచిపని అని ఆమె భావం కాదు. దేవుడు ఆ చెడ్డలోనుండి కూడ తనకు మేలు చేశాడని భావం. ఐనా చివరి జబ్బులో, ఆ పాత రోజులు కళ్లముందు మెదిలి, గొలుసులు బరువుగా ఉన్నాయి, కాస్త వదులు చేయండి అని ఆమె పక్కనున్నవారిని బతిమాలింది. అరువది సంవత్సరాల తరువాతకూడ ఆ బరువు శరీరానికి గుర్తుంది. కనుక, నేను క్షమించాను గాని మరచిపోలేకపోతున్నాను, నా క్షమ నిజం కాదేమో అని బాధపడే భక్తులు ధైర్యం తెచ్చుకోవాలి. మరచిపోవడం మన చేతిలో లేదు. కీడుకు కీడు చేయకుండడం, మేలు కోరడం మన చేతిలో ఉంది.

4. మన సంకెళ్లు

మన మెడలో ఎవరూ గొలుసు వేయలేదు. ఐనా మన విచారణల్లో కనిపించే సంకెళ్లు కొన్ని ఉన్నాయి.

భయం ఒక సంకెల. ఆదివారం పూజకు వస్తాం. ఇంటికి వెళ్లి రాహుకాలం చూచుకొని ప్రయాణం కడతాం. బిడ్డకు జ్వరమొస్తే పొరుగింటామె చేతబడి చేసిందని అనుమానిస్తాం. అనుమానించిన మనిషిని ప్రేమించడం ఎలా? ప్రేమ భయాన్ని తరిమివేస్తుందని యోహాను చెప్తే (1 యోహాను 4,18), మన ఇళ్లల్లో భయమే ప్రేమను తరిమివేస్తూంది.

పగ మరో సంకెల. పొలం గట్టు దగ్గర మొదలైన తగాదా అన్నదమ్ముల మధ్య ఇరవైయేండ్లు నడుస్తుంది. ఇద్దరూ ఒకే గుడిలో ఒకే అప్పాన్ని స్వీకరిస్తారు, బయటికి వచ్చాక ముఖాలు తిప్పుకొంటారు. పగ పెట్టుకొన్నవాడు శత్రువును బంధించాననుకొంటాడు. కాని గొలుసు రెండవ కొన తన చేతికే ఉంది.

కులం మరో సంకెల. జ్ఞానస్నానపు నీళ్లు అందరిమీదా ఒక్కటే. ఐనా పెండ్లి సంబంధం దగ్గర, సమాధుల దొడ్డి దగ్గర, కొన్నిచోట్ల గుడిలో కూర్చునే తావు దగ్గర కులం తల ఎత్తుతుంది. ఇది కిందివాడిని మాత్రమే బాధించదు. పైవాడిననుకొనేవాణ్ణి కూడ బంధిస్తుంది, అతడు తన సహోదరుణ్ణి సహోదరుడిగా చూడలేడు. ఒనేసిము అనే బానిసను పౌలు అతని యజమానుడైన ఫిలెమోను వద్దకు పంపుతూ, ఇక ఇతన్ని బానిసగా గాక ప్రియ సహోదరుడిగా చేర్చుకొమ్మన్నాడు (ఫిలెమోను 16). ఇతడు నీకేమైన బాకీపడివుంటే ఆ లెక్క నా పేర వ్రాసికో అన్నాడు. ఆ లేఖ చదివాక ఫిలెమోను భోజనపు బల్లవద్ద ఎవరు ఎక్కడ కూర్చోవాలి? ఆ ప్రశ్న నేడు మనకు కూడ వర్తిస్తుంది.

5. సాధన

ఈ విడుదల ఒక్కరోజులో సిద్ధించదు. ఐనా మొదలుపెట్టడానికి మార్గాలున్నాయి.

ప్రతిరోజు కొద్దిసేపు సిలువముందు మౌనంగా కూర్చుని, ప్రభువు నన్ను పేరుపెట్టి ఎరుగును అని తలంచాలి. పాపసంకీర్తనంలో చేసిన తప్పులతోపాటు మన మనసును పట్టి ఉంచిన భయాన్ని, పగను కూడ పేరుపెట్టి చెప్పుకోవాలి. మనకు కీడు చేసినవారి పేరు దివ్యబలిపూజలో కానుకలు అర్పించే సమయంలో తలంచుకోవాలి. బలిపీఠం దగ్గర కానుక విడిచి మొదట సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పాడుగదా (మత్తయి 5,23-24). మొదట ఎదురైనపుడు ఒక్క పలకరింపు చాలు. వారానికి ఒక్కసారైనా ఎవరికీ తెలియకుండా, తిరిగి ఏమీ ఆశించకుండా, ఒక మనిషికి ఒక చిన్న సేవ చేయాలి. అలా చేసినపుడు మనం స్వతంత్రులమో బానిసలమో మన మనసే చెప్తుంది.

బందీలకు విడుదల ప్రకటించడానికే ప్రభువు వచ్చాడు (లూకా 4,18). ఆయన తెరచిన తలుపు తెరచే ఉంది. పేరు కూడ మరచిపోయిన ఒక ఆఫ్రికా బిడ్డ ఆ తలుపుగుండా నడిచి వెళ్లి, ఎగతాళిగా పెట్టిన అదృష్టవంతురాలు అనే పేరును నిజం చేసికొంది. ఆమె పొందిన కృపను మనకూ దయచేయమని పవిత్రాత్మను వేడుకొందాం.

కుటుంబ ప్రార్థనలో చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. నా మనసును ఎక్కువగా బంధించి ఉంచేది ఏమిటి? భయమా, పగా, గర్వమా?

2. నేను ఇంట్లో చేసే పనుల్లో ఏవి జడిసి చేస్తున్నాను, ఏవి ప్రేమతో చేస్తున్నాను?

3. మన వీధిలో, మన విచారణలో న్యాయం అందక బాధపడేవారు ఎవరు? వారికోసం మనం చేయగలిగింది ఏమిటి?