ఛాయాచిత్రముల సంరక్షణ: గోడపై నకలు, బీరువాలో అసలు
గ్రామ పంచాయతీ కార్యాలయములలో నేడు ఛాయాచిత్రములకు కొదవ లేదు. కట్టిన మురుగు కాలువ, నాటిన మొక్కల వరుస, గ్రామసభ, జెండా వందనము మొదలగునవి అన్నియు సెల్‌ఫోనుతో తీయబడి, కార్యాలయమునందో సభ్యుల యింటియందో గల ప్రింటరుపై అచ్చగుచున్నవి. కాని ఎండ తగులు గోడపై వ్రేలాడదీసిన యిట్టి చిత్రము కొలది వేసవులలోనే పాలిపోవును. జరిగిన పనికి సాక్ష్యముగా నుంచినది, గతించిన పెద్దల గురుతుగా దాచుకొన్నది, రెండును ఆ విధముగనే నశించును. కొద్దిపాటి జాగ్రత్తతో ఈ నష్టమును చాల వరకు తప్పింపవచ్చును.

రంగు ఏల వెలియును?

ఇండ్లలో వాడు సిరా ప్రింటర్లలో పెక్కింటి రంగుసిరా నీటిలో కరగిన అద్దకపు రంగు. అద్దకపు చీర ఎండలో వెలిసినట్లే ఇదియు వెలియును. దీనికి శత్రువులు నాలుగు: వెలుతురు, గాలి, చెమ్మ, వేడి. మన ప్రాంతమున ఈ నాలుగును కలవు. వేసవిలో ఎండ ఒక్కొక్కప్పుడు 45 డిగ్రీలను తాకును. సూర్యాపేట, కోదాడ పట్టణములు హైదరాబాదు - విజయవాడ రహదారిపై నున్నవి. వాహనముల పొగ ఎండలో మార్పు చెందుటచే ఓజోను అను వాయువు పుట్టును. అది అద్దకపు రంగును చీకటిలో సైతము విరుగగొట్టును. నాగార్జునసాగరు ఎడమ కాలువ క్రింద వరి పండు మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో వానకాలపు చెమ్మవలన రంగు చెమర్చుట, బూజు పట్టుట కలుగును.

పాత చిత్రములు నేర్పు పాఠము

పూర్వపు నలుపు తెలుపు చిత్రములు సన్నని వెండి రేణువులతో ఏర్పడినవి. రసాయనము పోవునట్లు బాగుగా కడిగినచో అవి తరతరములు నిలుచును. సరిగా కడుగనివి పసుపెక్కును. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటమునకు సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాలు ముఖ్య రంగములు. ఆ పోరాట కాలమున సునీల్ జానా (1918-2012) తీసిన చిత్రములను మనము నేటికిని చూడగలుగుచున్నాము. నెగెటివు భద్రముగా నున్నంత కాలము కొత్త ప్రతిని తీయవచ్చును. నేడు ఫోనులోని ఫైలే మన నెగెటివు. అది పోయినచో కాగితముపై నున్నదే అసలగును. దానిని గోడపై నుంచుట తగదు.

చేయదగిన పనులు

1. ప్రింటరు కొనునపుడు పిగ్మెంటు సిరా వాడునదానిని ఎన్నుకొనవలెను. అది అద్దకపు సిరాకన్న చాల కాలము నిలుచును.

2. అచ్చయిన చిత్రమును ఒక దినమైనను నీడలో ఆరనిచ్చి, పిమ్మట అద్దము కట్టింపవలెను. చిత్రము అద్దమునకు అంటకుండ చుట్టును అట్ట అంచు పెట్టింపవలెను. అద్దము గాలిని చాలవరకు అడ్డును.

3. కిటికీకి ఎదురుగా గాని, వాన నీరు ఊరు గోడపై గాని చిత్రమును తగిలింపరాదు.

4. అసలు చిత్రములను విడివిడిగా కాగితపు కవర్లలో నుంచి, లోపలి గదిలోని బీరువాలో నేలకు ఎత్తుగా ఉంచవలెను. జిగురు పుటల ఆల్బములు, ఘాటు వాసన గల ప్లాస్టిక్ సంచులు హానికరములు. ఉన్న ఒక్క ప్రతికి లామినేషను చేయింపరాదు. చేసిన పిమ్మట దానిని విడదీయుట దుర్లభము.

5. తేదీ, స్థలము, చిత్రములోనివారి పేర్లు కవరుపై పెన్సిలుతో వ్రాయవలెను. పేరు లేని చిత్రము వెలియకున్నను మూగదే.

6. వాట్సాప్‌లో మామూలుగా పంపిన చిత్రము పలుచబడును. కావున ఫోనులోని మూల ఫైలును రెండు వేర్వేరు పరికరములలోనికి ఎక్కించి, ఒకదానిని వేరొక భవనములో ఉంచవలెను. ఏటేట తెరచి చూచుచుండవలెను.

మీ సిరా బలము తెలియవలెనన్న ఒక పరీక్ష కలదు. ఒకే చిత్రమును రెండు ప్రతులు తీసి, ఒకటి కిటికీలోను, మరియొకటి బీరువాలోను ఉంచి, నెల తరువాత ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. తేడా కంటికే కనబడును.

పంచాయతీ చేయగలది

గ్రామమున పెక్కు ఇండ్లలో తాతతండ్రుల చిత్రము ఒక్కటే యుండును. దానికి నెగెటివు ఉండదు. పంచాయతీ సభ్యులు ఒక దినమును నిర్ణయించి, అట్టి చిత్రములను తెప్పించి, స్కానరుపై ప్రతులు తీయించి, అసలును అప్పుడే యింటివారికి అప్పగించినచో గొప్ప మేలు చేసినవారగుదురు. పనుల చిత్రములకును ఇదే పద్ధతి వర్తించును. సామాజిక తనిఖీలోగాని గ్రామసభలోగాని ఎవరైన ప్రశ్నించిన నాడు పాలిపోయిన కాగితము సమాధానము చెప్పజాలదు. గోడపై నకలు, బీరువాలో అసలు అను నియమమును తీర్మానముగా చేసికొని పాటించినచో, మనము చేసిన పనియు, మనలను పెంచినవారి ముఖములును రాబోవు తరమువారికి స్పష్టముగా కనబడగలవు.