మల్టీకాస్ట్ రూటింగ్: ఒక పాఠం, ఒక అనుభవం

మన హాస్టల్లో చదివి, నెట్‌వర్క్ ఉద్యోగాల్లో చేరిన మేము ముగ్గురం కలిసి రాస్తున్న పాఠం ఇది. కంప్యూటర్ కోర్సుల్లో ఉన్న తమ్ముళ్ళకు పనికివస్తుందని మా ఆశ.

వార్డెన్ గారు ఒక విద్యార్థిని గదికి వచ్చి పిలిస్తే యూనికాస్ట్. గంట కొట్టి హాస్టల్ మొత్తాన్ని లేపితే బ్రాడ్‌కాస్ట్. స్పెషల్ క్లాసుకు పేరు ఇచ్చినవాళ్ళను మాత్రమే ఒకే కేకతో పిలిస్తే మల్టీకాస్ట్.

దీని అవసరం ఏమిటి? ఒక వీడియో పాఠానికి 1 మెగాబిట్ వేగం కావాలనుకుందాం. బ్రాంచిలో 40 కంప్యూటర్లున్నాయి. విడివిడిగా పంపితే 40 మెగాబిట్లు కావాలి. మల్టీకాస్ట్‌లో లైను మీద ఒక్క ప్రతే వెళ్తుంది. అవతలి రౌటర్ దాన్ని పంచుతుంది.

ఈ పద్ధతికి రూపమిచ్చినవారు స్టీవ్ డీరింగ్. 1989లో ఆయన రాసిన ఆర్‌ఎఫ్‌సి 1112 దీనికి ప్రమాణమైంది. ఐపి వెర్షన్ 4లో 224.0.0.0 నుంచి 239.255.255.255 వరకు మల్టీకాస్ట్ చిరునామాలు. సంస్థ లోపలి వాడకానికి 239తో మొదలయ్యేవి తీసుకుంటారు. ఇది ఒక కంప్యూటర్ చిరునామా కాదు, ఒక గ్రూపు చిరునామా.

కంప్యూటర్ తన రౌటర్ దగ్గర పేరు నమోదు చేసుకునే పద్ధతి ఐజిఎంపి. రౌటర్లు తమలో తాము మాట్లాడుకునే పద్ధతి పిమ్. పిమ్ స్పార్స్ మోడ్‌లో పంపేవారి సమాచారం, కోరేవారి అభ్యర్థన మొదట కలిసే రౌటర్‌ను ఆర్‌పి అంటారు.

సిస్కో రౌటర్‌లో మూడు మెట్లు:

1. గ్లోబల్ కాన్ఫిగరేషన్‌లో 'ఐపి మల్టీకాస్ట్-రూటింగ్' అని ఇవ్వాలి.
2. వీడియో నడిచే ప్రతి ఇంటర్‌ఫేస్‌లో 'ఐపి పిమ్ స్పార్స్-మోడ్' ఇవ్వాలి. దీంతో అక్కడ ఐజిఎంపి కూడా పనిచేస్తుంది.
3. అన్ని రౌటర్లలో ఒకే ఆర్‌పిని చూపాలి. ఉదాహరణకు 'ఐపి పిమ్ ఆర్‌పి-అడ్రస్ 10.1.1.1'.

ఇక మా అనుభవం. 2008లో మాలో ఒకరు ప్రొబేషన్‌లో ఉండగా ఈ పనే అప్పగించారు. బ్రాంచికి 2 మెగాబిట్ల లైన్లు రెండున్నాయి. మొదటి లైను మీద మాత్రమే పిమ్ ఇచ్చాడు. తెల్లవారితే పాఠం మొదలు, బ్రాంచిలో బొమ్మ రాలేదు. ఉద్యోగం పోతుందేమోనని రాత్రి పదకొండింటికి మా ఇద్దరికీ ఫోన్ చేశాడు.

'షో ఐపి ఎంరూట్' కొట్టించాం. ఆర్‌పిఎఫ్ నైబర్ 0.0.0.0 అని ఉంది. అక్కడే గుట్టు తెలిసింది. యూనికాస్ట్ రూటు ఆర్‌పి వైపు ఏ దారి చూపుతుందో, రౌటర్ ఆ దారినే అభ్యర్థన పంపుతుంది, ఆ దారిన వచ్చిన వీడియోనే తీసుకుంటుంది. గేటు నుంచి వస్తేనే లోపలికి. గోడ దూకి వస్తే వార్డెన్ గారు రానిస్తారా? రూటు రెండో లైను మీద ఉంది, అక్కడ పిమ్ లేదు. ఆ లైను రెండు చివర్లా పిమ్ ఇవ్వగానే బొమ్మ వచ్చింది.

మరో జాగ్రత్త: పంపే ప్రోగ్రాంలో టిటిఎల్ 1 ఉంటే వీడియో మొదటి రౌటర్ దాటదు. ముందే పెంచుకోండి.

రౌటర్ కొనే స్తోమత లేదని ఆగవద్దు. లినక్స్ కంప్యూటర్‌లో ఎఫ్‌ఆర్‌రూటింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పిమ్ సాధన చేయవచ్చు. చిక్కు వస్తే సీనియర్లను అడగడానికి మొహమాటపడకండి. ఆ రాత్రి మావాడు మొహమాటపడి ఉంటే ఈ పాఠం రాసేవాళ్ళం ఇద్దరమే.