సైకిల్ గేర్ లివర్ జామ్ అయిందా? కొత్తది కొనే ముందు ఈ 3 టెస్టులు చేయండి

వానలు తగ్గాక సైకిల్ బయటకు తీశాను. కుడిచేతి గేర్ లివర్ బిగుసుకుపోయింది. బలంగా నొక్కితే సగం దాకా వెళ్లి, టిక్ మనకుండా వెనక్కి వచ్చేస్తోంది. షాపులో "లివర్ పోయింది, మార్చాల్సిందే" అన్నారు. రోజూ కోడ్‌లో బగ్స్ వెతికే పని నాది. తప్పు ఎక్కడుందో తేలకుండా పార్ట్ మార్చడానికి మనసొప్పలేదు.

గేర్ మారడానికి మూడే కావాలి: లివర్, కేబుల్, వెనక చక్రం దగ్గరి డీరైలర్. మూడింటినీ విడదీసి చూస్తే దొంగ దొరికిపోతాడు.

ముందు డీరైలర్ దగ్గర కేబుల్ పట్టుకున్న బోల్టును వదులు చేయండి. చాలా సైకిళ్లకు 5 ఎంఎం అలెన్ కీ సరిపోతుంది. కేబుల్ వదలగానే డీరైలర్ స్ప్రింగ్ వల్ల చిన్న పళ్లచక్రం వైపు ఎగురుతుంది. వేళ్లు జాగ్రత్త!

టెస్ట్ 1: డీరైలర్
చేత్తో చక్రం వైపు నెట్టి వదలండి. వెంటనే వెనక్కి వస్తే ఓకే.

టెస్ట్ 2: కేబుల్
కొస పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడించండి. గరగరలాడితే తుప్పు పట్టినట్టే. లోపలి వైరు, బయటి గొట్టం రెండూ మార్చండి. గేర్ వైరు 1.2 ఎంఎం ఉంటుంది, బ్రేక్ వైరు దానికన్నా లావు. షాపులో 'గేర్ కేబుల్' అనే అడగండి.

టెస్ట్ 3: లివర్
కేబుల్ కొసను కొంచెం లాగి పట్టుకుని లివర్ నొక్కండి. ఇప్పుడూ టిక్ మనకపోతే తప్పు లివర్‌దే.

నాది మూడో కేసు. లివర్ లోపల పళ్లచక్రాన్ని పట్టుకునే చిన్న కొక్కెం ఉంటుంది. పాత గ్రీజు గట్టిపడితే అది కదలదు. మూత మొత్తం విప్పకండి, స్ప్రింగులు ఎగిరిపోతాయి. సన్న స్ట్రాతో సందులోకి డబ్ల్యూడీ-40 కొట్టి, పది నిమిషాలు ఆగి, లివర్ పదేపదే నొక్కాను. నల్లటి జిడ్డు కారింది. రెండోసారి కొట్టాక... టిక్! ప్రాణం లేచొచ్చింది.

ఆ స్ప్రే పాత గ్రీజును కడిగేస్తుంది కాబట్టి, తర్వాత రెండు చుక్కలు పల్చటి ఆయిల్ వేయాలి. స్ప్రే బ్రేక్ ప్యాడ్ల మీద, డిస్క్ మీద పడకుండా గుడ్డ కప్పండి. పడితే బ్రేక్ జారుతుంది.

చివరగా లివర్‌ను చిన్న పళ్లచక్రం గేర్‌లో పెట్టి, కేబుల్ బిగుతుగా లాగి బోల్టు బిగించండి.

రెండు మూడుసార్లు కడిగినా టిక్ రాకపోతే అప్పుడు కొత్తది కొనండి. వెనక ఎన్ని పళ్లచక్రాలుంటే అన్ని స్పీడ్‌ల లివరే, మీ డీరైలర్‌కు సరిపోయేదే తీసుకోండి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: జామైన లివర్ మీద బలం చూపించకండి. మొదటిరోజు నేను ఇంకాస్త గట్టిగా నొక్కి ఉంటే, షాపతను చెప్పిందే నిజమయ్యేదేమో.