జూమ్ లెన్సా? ఫిక్స్‌డ్ లెన్సా?

ఇటుకల పండుగకు ఇంటికెళ్తుంటే సైన్సు సారు తన కెమెరా ఇచ్చారు. దానికున్నది 18-55 మి.మీ. జూమ్ లెన్సు. రాత్రి మా గూడెంలో థింసా ఆడుతుంటే, నెగడు వెలుగులో అవ్వను దగ్గరగా తీశాను. చీర తెలుస్తోంది గానీ మొహం చెదిరిపోయింది.

ఎందుకని సారునడిగాను. 55 దగ్గర ఆ లెన్సు ఎంత తెరిచినా ఎఫ్ 5.6 మాత్రమేనట. వెలుగు చాలక షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. ఈలోగా మనిషి కదిలితే బొమ్మ చెదురుతుంది. ఈ అంకె తగ్గేకొద్దీ లెన్సు రంధ్రం పెద్దదవుతుంది. 50 మి.మీ. ఫిక్స్‌డ్ లెన్సుల్లో ఎఫ్ 1.8 దాకా తెరుచుకునేవి ఉన్నాయి. అప్పుడు దాదాపు 10 రెట్ల వెలుగు లోపలికొస్తుంది. కాకపోతే బొమ్మ దగ్గరగా కావాలంటే మన కాళ్ళే ముందుకు నడవాలి.

అలాగని జూమ్ పనికిరాదనుకోకండి. ఆటల పోటీలప్పుడు గీత దాటి లోపలికి పోలేం కదా! పగటి వెలుగు ఉంటుంది కాబట్టి నిలబడ్డచోటే జూమ్ తిప్పుకుంటే చాలు.

కనుక లెన్సు ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. వెలుగు ఎంత ఉంది? నేను దగ్గరికి నడవగలనా?

ఆ రాత్రి నేను నడవగలిగేవాణ్ణే. అవ్వ ఇప్పుడు లేదు. ఆ చెదిరిన ఫొటోనే పెట్టెలో దాచుకున్నాను.

– 9వ తరగతి విద్యార్థి