బజారుకు వంశవృక్షం గీయడం ఎలా?

సికింద్రాబాద్ స్టేషన్‌ను ఆనుకుని ఉన్న రెజిమెంటల్ బజార్ పేరులో రెండు మాటలున్నాయి. మొదటిది ఇంగ్లీషు పటాలాలతో వచ్చింది. రెండోది అంతకు చాలా ముందే దక్కన్‌లో స్థిరపడింది. ఆ రెండోదానికి వంశవృక్షం గీద్దాం. ఓపిక, ఒక నోటుపుస్తకం, మంచి నిఘంటువులు ఉంటే చాలు. తెలుగులో కలిసిన పరాయి మాటల కోసం సి.పి. బ్రౌన్ 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువే వేశాడు. బజారు రష్యన్‌లోనూ ఉంది; ఆ భాష మాటల పుట్టుపూర్వోత్తరాలకు 1950లలో మాక్స్ ఫాస్మర్ కూర్చిన నిఘంటువు ఉంది.

మొదటి పని రూపాలు పోగుచేయడం. అర్థాల జోలికి అప్పుడే వెళ్లకండి, పలుకుబడి మాత్రం రాసుకోండి. తెలుగులో బజారు, పారసీలో బాజార్, రష్యన్‌లో బజార్. బల్గేరియన్, సెర్బియన్, టర్కిష్ భాషల్లో పజార్. గ్రీకులో పజారి, హంగేరియన్‌లో వాషార్, ఆర్మీనియన్‌లో వచర్.

ఇప్పుడు మొదటి అక్షరాన్ని బట్టి వీటిని విడదీయండి. నన్నడిగితే మొత్తం పనిలో ఆయువుపట్టు ఇదే. బ, ప, వ అని మూడు గుంపులొస్తాయి. పాతది వ గుంపు. ఇరాన్‌ను ఏలిన సాసానీయుల నాటి పారసీలో ఈ మాట వాజార్. ఆ తర్వాత పారసీలో మాట మొదట ఉన్న వ, బ అయింది. ఆర్మీనియన్లకూ హంగేరియన్లకూ మాట అందింది వ చెక్కుచెదరని ఇరానీ భాషల నుంచి. ప గుంపు టర్కీ నోట నానిన రూపం. ఒట్టోమన్ల ఏలుబడిలో బాల్కన్ దేశాలకు చేరింది. రష్యన్లు తురుష్క జాతుల దగ్గర నేర్చారు గానీ, వాళ్లకు దొరికింది బ ఉన్న రూపం. అందుకే సెర్బియన్ కంటే రష్యన్ రూపమే మన మాటకు దగ్గరగా వినిపిస్తుంది. దాన్ని చూసి రష్యన్‌కూ తెలుగుకూ నేరుగా గీత గీయకూడదు. ఇద్దరూ పారసీ నుంచే వేర్వేరు దారుల్లో తెచ్చుకున్నారు.

వ నిజంగానే బ అయిందా? ఒక్క మాటను నమ్ముకుని తేల్చకండి. సంస్కృత వాతానికి చుట్టమైన పారసీ మాట బాద్, అంటే గాలి. సాసానీయుల నాటి పారసీలో అది వాద్. పారసీలో వెలను బహా అంటారు, దానికీ పాత రూపం వ తోనే మొదలవుతుంది. ఇలా రెండు మూడు జతలు దొరికితేనే సూత్రం నిలబడుతుంది. అన్నట్టు, ఈ బాద్‌ను చూసి సికింద్రాబాద్‌లో గాలిని వెతికేరు! అక్కడున్నది ఆబాద్, జనం కాపురమున్న చోటు. పోలిక కనబడగానే చుట్టరికం కలిపేయకూడదనడానికి ఊరి పేరే సాక్ష్యం.

మూలరూపం దగ్గర నక్షత్రం గుర్తు (*) పెట్టాలి. ఏ శాసనంలోనూ కనబడని, పండితులు లెక్కగట్టిన రూపమని దానర్థం. మన మాటకు ఆ రూపం *వహాచరణ. వహా అంటే అమ్మకం, చరణ అంటే తిరగడం, కలిపితే బేరాలు సాగే చోటు. వేదంలో వెలకు వాడిన వస్నం ఈ వహాకు దాయాది. సంస్కృత స, ఇరానీ భాషల్లో హ కావడం మామూలే.

అర్థాల వంతు ఇప్పుడు. రష్యన్‌కు తోర్గ్ అనే సొంత మాట ఉంది, మనకు అంగడి, సంత ఉన్నట్టే. అరువు మాట వాటి పక్కన తనకో చోటు వెతుక్కోవాలి. చెక్ భాషలో బజార్ అంటే వాడిన సరుకులమ్మే కొట్టు. రష్యన్ వాడుకలో మాటలాడుకోవడం కూడా బజారే, సముద్రపక్షులు వేలకొద్దీ అరిచే కొండచరియ పక్షుల బజారు. బల్గేరియన్‌లో ఇదే మాట నుంచి బేరమాడటానికి క్రియ పుట్టింది. టర్కీలో పజార్ ఆదివారం కూడా. హంగేరియన్లకు ఆదివారమంటే సంతరోజు. హైదరాబాద్‌లో గురువారం సంతకు జుమ్మేరాత్ బజార్ అని పేరొచ్చింది. ఇక్కడ వారం సంతకు పేరైతే, టర్కీ, హంగేరీల్లో సంతే వారానికి పేరైంది. గుంటూరు వైపు ‘మా బజారు’ అంటే మా వీధి. ఇంటి గుట్టు బజారుకెక్కితే పరువు పోయినట్టే. అమ్మకం ఊసే లేని ఈ అర్థాలను వదిలేస్తే వంశవృక్షం సగమే.

చివరగా కాలం, మోసుకొచ్చిన మనుషులు. త్వేర్ నగరపు వర్తకుడు అఫనాసీ నికితిన్ 1470ల ప్రాంతంలో బీదర్‌లో ఉన్నాడు. అప్పుడు తెలంగాణలో చాలా భాగం బహమనీల కిందే ఉంది. ఆళంద్‌లో ఏటా పది రోజులు జరిగే సంత గురించి తన యాత్రాగ్రంథంలో రాస్తూ, దాన్ని బజార్ అనే అన్నాడు. రష్యన్ కొమ్మా దక్కన్ కొమ్మా ఒకే పుటలో కలిసిన చోటు అది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన సాక్ష్యం. తెలుగు కొమ్మ పక్కన పారసీ దర్బారుల పేరు రాసి, 1806లో నిజాం సికందర్ జా పేరిట వెలసిన దండు ఊరిని దాని కింద వేయండి. కంపెనీ పటాలాలకు సరుకులందించే బజార్లు వాటి వెంటే ఉండేవి. రెజిమెంటల్ బజార్‌ను ఆ కొమ్మ కొసన రాసుకోవచ్చు.